వైన్ గురించి ఒక్క పుస్తకమే కొనాలంటే

ప్రశ్న: అన్నా, మాది కావలి దగ్గర పల్లె. నెల్లూరులో హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఇప్పుడు చెన్నైలో ఒక స్టార్ హోటల్ రెస్టారెంట్‌లో స్టీవార్డ్‌గా చేస్తున్నాను. వైన్ లిస్టు మీద పట్టు తెచ్చుకుంటే ప్రమోషన్ ఇస్తామని మేనేజర్ అన్నారు. నేను మందు ముట్టను. పుస్తకం చదివి నేర్చుకోవచ్చా? ఒక సీనియర్ ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద పుస్తకం కొనమంటున్నాడు. ఇంకొకరు బొమ్మలున్న పుస్తకం చాలంటున్నారు. పాత పుస్తకాల కొట్లో 2001 నాటి వైన్ అట్లాస్ చవగ్గా ఉంది, తీసుకోనా? ఒక్క పుస్తకానికే డబ్బులున్నాయి. ఇంకో సంగతి, మా అమ్మమ్మది కలిగిరి వైపు. సారా ఉద్యమంలో తిరిగిన మనిషి. అలాంటి పుస్తకం ఇంటికి తెస్తే ఊరుకోనంటోంది. ఆమెకి ఏం చెప్పాలి?

జవాబు:

తమ్ముడూ, నీ ఉత్తరంలో రెండు అవసరాలు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. మొదటి పేజీ నుంచి వరుసగా చదువుతూ నేర్చుకునే పుస్తకం ఒకటి. గెస్ట్ ఏదో అడిగినప్పుడో, లిస్టులో తెలియని పేరు కనబడినప్పుడో తీసి చూసుకునే పుస్తకం ఇంకొకటి. నీ సీనియర్ చెప్పింది ఈ రెండో రకం. చాలా మంచి పుస్తకం, దాని గురించి కింద వివరంగా చెబుతాను. కానీ ద్రాక్షరసం వైన్‌గా ఎలా మారుతుందో ఇంకా సరిగ్గా తెలియనివాళ్లు దాన్ని వరుసగా చదవబోతే పదో పేజీలోనే మూసేస్తారు. నిఘంటువు చదివి ఎవరూ భాష నేర్చుకోరు కదా.

మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది కెవిన్ జ్రేలీ రాసిన 'విండోస్ ఆన్ ది వరల్డ్ కంప్లీట్ వైన్ కోర్స్'. 1985లో మొదటిసారి వచ్చింది, తర్వాత ఎన్నోసార్లు సవరించి వేశారు. న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ పై అంతస్తుల్లో అదే పేరుతో ఉండిన రెస్టారెంట్‌లో వైన్ల బాధ్యత ఆయనదే. అక్కడే క్లాసులు కూడా చెప్పేవాడు. అందుకే పుస్తకం ప్రశ్న, జవాబు పద్ధతిలో నడుస్తుంది. టేబుల్ దగ్గర నిలబడి పనిచేసేవాళ్లకి ఎదురయ్యే సందేహాలు అందులో చాలా ఉన్నాయి. బొమ్మలున్నది చాలన్నవాళ్లు బహుశా 'వైన్ ఫాలీ' గురించి చెప్పి ఉంటారు. 2015లో వచ్చింది, 2018లో దాన్ని పెంచి మాగ్నమ్ ఎడిషన్ వేశారు. అదీ చెడ్డ సలహా కాదు. ఇంగ్లిష్‌లో పేరాలకు పేరాలు చదవడం బరువనిపించేవాళ్లకి అదే మేలు. నీకు చదివే ఓపిక ఉందని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది కాబట్టి నా ఓటు జ్రేలీకే. ఒకవేళ వైన్ చదువుకి సర్టిఫికెట్లిచ్చే డబ్ల్యూఎస్‌ఈటీ (వైన్ అండ్ స్పిరిట్ ఎడ్యుకేషన్ ట్రస్ట్) పరీక్ష రాసే ఆలోచన ఉంటే మాత్రం కాస్త ఆగు. 1969లో లండన్‌లో పెట్టిన ఆ సంస్థ కోర్సులో చేరితే చదవాల్సిన పుస్తకం కోర్సుతోపాటే ఇస్తారు. ముందే వేరే కొని డబ్బు పోగొట్టుకోవద్దు.

ఇక తీసి చూసుకునే పుస్తకం. షాపులో చాలామంది ముందు అట్ట చూస్తారు, తర్వాత ఫోటోలు తిరగేస్తారు. నువ్వు వెనక నుంచి తెరువు. చివర్లో ఉండే ఇండెక్స్ ఎంత చిక్కగా ఉందో చూడు. మీ రెస్టారెంట్ వైన్ లిస్టు ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్లి, అందులో నీకు అంతుబట్టని పేర్లు ఓ పది ఎంచుకుని ఇండెక్స్‌లో వెతుకు. ఎక్కువ భాగం దొరకాలి. దొరికిన పేజీకి వెళ్తే అక్కడ నిజంగా జవాబుండాలి, ఊరికే ఆ పేరు ఒకసారి తగిలి పోకూడదు. తర్వాత లోపలి పేజీలో ఎడిషన్ ఏ సంవత్సరానిదో చూడు. రీప్రింట్ సంవత్సరం కాదు, ఎడిషన్ సంవత్సరం. ఈ రెండూ తేలాక ఫోటోలు ఎంతసేపైనా చూసుకో.

ఈ పరీక్షకి బాగా నిలబడేది మీ సీనియర్ చెప్పిన 'ది ఆక్స్‌ఫర్డ్ కంపానియన్ టు వైన్'. బ్రిటిష్ వైన్ రచయిత్రి జాన్సిస్ రాబిన్సన్ సంపాదకత్వంలో 1994లో మొదటి ఎడిషన్ వచ్చింది. తర్వాత 1999, 2006, 2015ల్లో మళ్లీ వచ్చింది. తాజాది 2023 నాటి అయిదో ఎడిషన్, దాన్ని జూలియా హార్డింగ్ ముందుండి నడిపించారు. ఇంగ్లిష్ అక్షర క్రమంలో నాలుగు వేలకు పైగా ఎంట్రీలుంటాయి. ఒక ఎంట్రీ చదువుతుంటే అందులో వచ్చే ఏ మాటకి వేరే ఎంట్రీ ఉందో అక్షరాల తీరులోనే తెలుస్తుంది, అక్కణ్ణుంచి అక్కడికి వెళ్లొచ్చు. రాసినవాళ్ల పొడి అక్షరాలు ఎంట్రీ కింద ఉంటాయి. నేల గురించి నేల చదివినవాళ్లు, చరిత్ర గురించి చరిత్ర చదివినవాళ్లు రాస్తారు. ఫోటోలు తక్కువ. ఏ సీసాకీ మార్కులు వెయ్యదు. దీన్ని నేను గొప్ప గుణం కిందే లెక్కేస్తాను. అమెరికాలో రాబర్ట్ పార్కర్ 1978లో పత్రిక మొదలుపెట్టి నూటికి ఇన్ని మార్కులని వేసిన దగ్గర్నుంచి, ఆ అంకెలతో పేజీలు నింపిన పుస్తకాలు చాలా వచ్చాయి. ఆ సీసాలు అమ్ముడైపోయాక వాటిలో మిగిలేది తక్కువ. రెఫరెన్స్ పుస్తకం చెప్పాల్సింది ఈ వైన్‌కి తొంభై రెండని కాదు, ఆ రుచి ఆ నేల మీద, ఆ ద్రాక్షకి, ఆ పద్ధతికి ఎందుకు వస్తుందన్నది.

ఎడిషన్ సంవత్సరం గురించి అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. ఇటలీ నుంచి వచ్చే నురగ వైన్ ప్రొసెక్కో మీ లిస్టులో ఉండే ఉంటుంది. చాలాకాలం అది వైన్ పేరూ, ద్రాక్ష రకం పేరూ కూడా. ఆ రకాన్ని ఎక్కడ పండించినా ప్రొసెక్కో అని పేరు పెట్టుకునే వీలుండేది. 2009లో ఇటలీ నిబంధన మార్చింది. ద్రాక్ష రకం పేరు గ్లేరా అయింది, ప్రొసెక్కో అనేది ఈశాన్య ఇటలీలోని తొమ్మిది జిల్లాలకి రక్షణ ఉన్న ప్రాంతం పేరయింది. కొనెలియానో, వాల్దొబ్బియాదెనె కొండల వైన్‌కి అంతకన్నా పై హోదా ఇచ్చారు. గులాబీ రంగు ప్రొసెక్కోకి 2020లో అనుమతి వచ్చింది. ఇప్పుడు నువ్వు 2005 నాటి పుస్తకం చూసి, ప్రొసెక్కో అంటే ద్రాక్ష పేరండీ అని గెస్ట్‌కి చెప్పావనుకో. ఆ గెస్ట్‌కి విషయం తెలిసి ఉంటే నువ్వు తర్వాత చెప్పే సరైన మాటలు కూడా నమ్మడు. అందుకే షాపులో ఏ వైన్ పుస్తకం చేతికొచ్చినా ముందు ప్రొసెక్కో తెరిచి గ్లేరా అన్న మాట ఉందేమో చూడు. అర నిమిషం పని.

కొత్త పుస్తకమైనంత మాత్రాన పాత తప్పులు ఉండవని కాదు. నాలుక కొసన తీపి, పక్కల పులుపు, వెనక చేదు అని భాగాలు గీసిన బొమ్మ ఉంటే ఆ పుస్తకాన్ని అక్కడే పెట్టెయ్. 1901లో ఒక జర్మన్ పరిశోధకుడు రాసినదాన్ని తర్వాతివాళ్లు తప్పుగా అర్థం చేసుకోవడం వల్ల వచ్చిన బొమ్మ అది. రుచి తెలిసే ప్రతి చోటా నాలుకకి అన్ని రుచులూ తెలుస్తాయి. అలాగే షాంపేన్ బుడగలు కనిపెట్టింది దోమ్ పెరిన్యోన్ అనే సన్యాసి అని నిజంలా రాసినా అనుమానించు. ఆయన ఓవిల్లేర్ మఠానికి వచ్చింది 1668లో. వైన్‌కి చక్కెర చేర్చి నురగ తెప్పించే సంగతి క్రిస్టఫర్ మెరెట్ 1662లోనే లండన్ రాయల్ సొసైటీకి రాసి ఇచ్చాడు. కథ కథగా చెబితే తప్పులేదు, చరిత్రగా రాస్తేనే తప్పు.

తర్వాత ఇండియా పేజీ తెరువు. వైన్ ద్రాక్ష 30 నుంచి 50 డిగ్రీల అక్షాంశాల మధ్యే పండుతుందని పాత పుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేసేవి. మన నెల్లూరు 14 డిగ్రీల మీద ఉంది. బెంగళూరు దగ్గరి నందికొండలు ఇంకా దక్షిణంగా, 13 డిగ్రీల పైచిలుకులో ఉన్నాయి. గ్రోవర్ కుటుంబం 1988లో వైన్ కంపెనీ మొదలుపెట్టింది అక్కడే. ఎత్తైన చోటు కాబట్టి రాత్రిళ్లు చల్లబడతాయి, అదే తీగని కాపాడుతుంది. చలిదేశాల్లోలా మన తీగకి శీతకాలపు నిద్ర ఉండదు. అందుకని ఏప్రిల్ ప్రాంతంలో ఒకసారి, వానలు తగ్గే సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఇంకోసారి కత్తిరిస్తారు. కోత జనవరి నుంచి మార్చి దాకా నడుస్తుంది. యూరప్‌లో అయితే కోతలు సెప్టెంబర్, అక్టోబర్‌లలో. నాసిక్ సంగతి, అక్కడి సూల వైన్ కంపెనీ సంగతి, ఈ రెండు కత్తిరింపుల సంగతి చెప్పే పుస్తకం రాసినవాళ్లు నిజంగా కనుక్కుని రాశారని నమ్మొచ్చు. హంపి దగ్గరి క్రస్మా తోట కూడా గుర్తుపెట్టుకో. హైదరాబాద్ గ్రాన్యూల్స్ కంపెనీ స్థాపించిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులది అది. మన తెలుగువాళ్లు భోంచేయడానికి వచ్చినప్పుడు ఆ మాట చెబితే వాళ్ల ముఖం వెలుగుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. నీకు దొరికే మంచి పుస్తకాలన్నీ చలిదేశాల్లో కూర్చుని రాసినవి. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో వడ్డించాలని వాటిలో కొన్ని ఇప్పటికీ రాస్తున్నాయి. ఆ రూమ్ అంటే 16 నుంచి 18 డిగ్రీల దగ్గర ఉండే యూరప్ గది. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో మన కావలి గదో, చెన్నై గదో కాదు. ఆ వేడిలో రెడ్ వైన్ పోస్తే ముందు ఆల్కహాల్ ఘాటే ముక్కుకి కొడుతుంది, మిగతా వాసనలు దాని వెనక పడిపోతాయి. మంచి రెఫరెన్స్ పుస్తకం రూమ్ టెంపరేచర్ అని వదిలెయ్యదు, డిగ్రీలు అంకెల్లో ఇస్తుంది. నిల్వకి ఎంత, వైట్‌కి ఎంత, రెడ్‌లో తేలికదానికెంత, చిక్కనిదానికెంత అని విడివిడిగా చెబుతుంది. అంకెలు లేని పుస్తకం నీ ఉద్యోగానికి పనికిరాదు.

భోజనం విషయంలోనూ అంతే. చేపకి వైట్, మాంసానికి రెడ్ అని పట్టిక వేసి ఊరుకునే పుస్తకం మన చేపల పులుసు ముందు చేతులెత్తేస్తుంది. చింతపండు పులుపు, మామిడికాయ, మిరపకారం, నూనె ఇవన్నీ ఉన్న కూర అది. కారం మీద వగరు ఎక్కువున్న రెడ్ పోస్తే నోరు ఇంకా మండుతుంది. ఆల్కహాల్ ఎక్కువైనా అంతే. పులుసుకి తగ్గని పులుపు, కారాన్ని కాస్త దించే కొద్దిపాటి తీపి ఉన్న రీస్లింగ్ లాంటి వైట్ వైన్ అయితే నిలబడుతుంది. చేపతో రెడ్ తాగితే నీచు వాసన ఎందుకొస్తుందో కూడా తెలుసు. వైన్‌లో ఉండే ఇనుము వల్లనని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. ఇలా కారణం చెప్పే పుస్తకం దొరికితే మన వంట ఏదైనా నువ్వే లెక్క కట్టుకోవచ్చు. పట్టికలో మన కూర పేరు లేకపోయినా ఇబ్బంది ఉండదు.

తాగకుండా నేర్చుకోవచ్చా అన్నావు. చాలావరకు నేర్చుకోవచ్చు. వైన్ రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం వాసనే. కాలిఫోర్నియా యూనివర్సిటీలో ఆన్ నోబుల్ 1984లో ప్రకటించిన వాసనల చక్రం చాలా పుస్తకాల్లో ఉంటుంది, దాన్ని ముందు పెట్టుకుని మీ వంటింటికి వెళ్లు. సిరా ద్రాక్ష వైన్‌లో మిరియాల వాసన ఉంటుందంటారు. అది పోలిక మాత్రమే కాదు, మిరియంలో ఉండే రొటండోన్ అనే పదార్థమే అందులోనూ ఉందని 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు తేల్చారు. సావిన్యోన్ బ్లాంక్ అనే వైట్‌లో జామకాయ వాసన, కాబర్నే అనే రెడ్‌లో క్యాప్సికమ్ పచ్చివాసన, ఓక్ పీపాల్లో ఉంచినవాటిలో లవంగం, వెనిల్లా. ఇవన్నీ నీకు తెలిసిన వాసనలే. టానిన్ అంటే వగరు. వక్క, పచ్చి జామకాయ, డికాక్షన్ ఎక్కువైన టీ, వీటితో నోరు ఎలా పట్టేస్తుందో గమనిస్తే చాలు. గూస్‌బెర్రీ, బ్లాక్‌కరెంట్ లాంటి మనకి తెలియని పేర్లు కనబడితే కంగారు పడొద్దు. డ్యూటీలో గ్లాసు వాసన చూసే వీలు దొరికినప్పుడు నీకు తోచిన మన పండు పేరు పుస్తకం అంచున రాసుకో. కానీ నోట్లో వైన్ ఎంత బరువుగా ఉంటుంది, పులుపు ఎంతసేపు నిలుస్తుంది అన్నవి పుస్తకం పూర్తిగా చెప్పలేదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు, పరీక్షల్లోనూ అదే పద్ధతి. ఆ మాత్రమైనా నోట్లో పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా నీ ఇష్టం. ఎవరి బలవంతానికీ లొంగాల్సిన పనిలేదు.

పేర్లు పలకడం కూడా ఇప్పుడే మొదలుపెట్టు. షాబ్లీ, సాన్సేర్, షాతోనెఫ్ దు పాప్. ఫ్రెంచి స్పెల్లింగ్ చూసి ఇంగ్లిష్‌లా చదివితే గెస్ట్ ముందు ఇబ్బంది. సరైన ఉచ్చారణ ఒకసారి విని, తెలుగు అక్షరాల్లో రాసిపెట్టుకుంటే ఇక మర్చిపోవు.

2001 అట్లాస్ గురించి. 'ది వరల్డ్ అట్లాస్ ఆఫ్ వైన్' హ్యూ జాన్సన్ 1971లో తెచ్చిన పుస్తకం. జాన్సిస్ రాబిన్సన్ చేయి కలిపింది నీకు దొరికిన ఆ 2001 ఎడిషన్ నుంచే. ఎనిమిదో ఎడిషన్ 2019లో వచ్చింది. కొండలూ నదులూ కదలవు కాబట్టి ఫ్రాన్స్‌లోని బర్గండీలో ఏ ఊరి పక్కన ఏ ఊరుందో, జర్మనీలో మోసెల్ నది ఎక్కడ మెలిక తిరిగి ఏ వాలు దక్షిణానికి చూస్తుందో ఆ పాత పటాలూ చెబుతాయి. ఫ్రాన్స్‌లోనే ఉన్న బోర్డోలో వైన్ తోటలకి తరగతులు కట్టిన 1855 నాటి వర్గీకరణ కూడా పెద్దగా మారలేదు, 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ అనే తోటని మొదటి తరగతికి పెంచడమే చెప్పుకోదగ్గ మార్పు. కానీ 2009 ప్రొసెక్కో నిబంధన దానికి తెలిసే దారి లేదు. రెండు భోజనాల ఖర్చులో వచ్చేస్తే తెచ్చుకో, పటాల కోసం వాడుకో. చట్టం, కంపెనీలు, ఇండియా, ఈ మూడింటికి మాత్రం దాన్ని తెరవకు. నీ దగ్గరున్న డబ్బంతా అడిగితే వదిలెయ్.

ఇక అమ్మమ్మ. ఆమె మాటని చాదస్తం అనుకోకు. 1990ల మొదట్లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ గారూ ఆ ఊరి ఆడవాళ్లూ సారా మీద తిరగబడ్డారు. అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని చదువుకున్న ఆడవాళ్లు జిల్లా అంతటా దాన్ని అందుకున్నారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయంటే ఆ మొదలు అక్కడుంది. 1997లో నిషేధం సడలించారు, కానీ కూలి డబ్బులు సారా కొట్లో పోవడం కళ్లారా చూసిన మనిషికి ఆ బాధ సడలదు. అందుకని ఆమె దగ్గర పుస్తకం దాచకు. వైన్ మందు కాదు, ద్రాక్షరసమే అని చెప్పకు. మామూలు వైన్‌లో నూటికి 12 నుంచి 14 పాళ్లు ఆల్కహాల్ ఉంటుంది. గుండెకి మంచిదని అసలే చెప్పకు. ఎంత తక్కువైనా ఆరోగ్యానికి హాని లేదని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. ఉన్నదున్నట్టు చెప్పు: "నేను తాగను అమ్మమ్మా, వడ్డించడం నా ఉద్యోగం, ఏం వడ్డిస్తున్నానో తెలియకుండా చెయ్యడం నాకిష్టం లేదు." తీగ కత్తిరింపులు, తెగుళ్లు, నేలల గురించిన పేజీలు తెలుగులో చదివి వినిపించు. సేద్యం తెలిసిన మనిషి కాబట్టి ఆసక్తిగా వినొచ్చు. అయినా వద్దంటే పుస్తకం చెన్నై రూమ్‌లోనే ఉంచుకో. ఆమె ఇంట్లో ఆమె మాటే చెల్లాలి.

డబ్బు సంగతి చివరికి మిగిల్చాను. నీ డబ్బుతో జ్రేలీ కొను. ఆక్స్‌ఫర్డ్ పుస్తకం వేలల్లో ఉంటుంది, దాన్ని నువ్వు కొనక్కర్లేదు, హోటల్ కొనాలి. వైన్ అమ్మే రెస్టారెంట్‌లో స్టాఫ్ అందరూ చూసుకునే రెఫరెన్స్ ఒకటి ఉండటం న్యాయమే. మేనేజర్ దగ్గరికి ఊరికే వెళ్లి అడగొద్దు. ఒక నెలపాటు గెస్టులు అడిగి, మీలో ఎవరూ జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలు ఒక కాగితం మీద తేదీలతో రాసి పెట్టు. ఆ కాగితం ఆయన ముందు పెట్టి, అయిదో ఎడిషన్, 2023ది, అని స్పష్టంగా చెప్పి అడుగు. ఎడిషన్ చెప్పకపోతే చవగ్గా దొరికిందని 2006 నాటిది తెప్పించే ప్రమాదం ఉంది. కాదంటే నువ్వు చదివిన కాలేజీ లైబ్రరీలోనూ, ఎగ్మూరు కన్నెమెరా లైబ్రరీలోనూ ఒకసారి విచారించు. ఎక్కడ దొరికినా ఆ కాగితంలోని ప్రశ్నలు పట్టుకెళ్లి, జవాబులు నోట్‌బుక్‌లోకి ఎక్కించుకుని రా.